నడక యెవరి యాజ్ఞ?

మెదడు రాజనియు, కాళ్లు బంట్లనియు తరగతులలో బోధించుచున్నాము. ఈ పోలిక సరికాదని నా యభిప్రాయము. తల తెగిన కోడి తన్నుకొనుటను చూడనివారెవరు? ఆ కాళ్లను కదల్చిన రాజెవడు? మెదడుతో సంబంధము తెగినను పిల్లి వెన్నుపామునందే యడుగుల లయ పుట్టుచున్నదని గ్రాహం బ్రౌను 1911లో చూపెను. వినుటకు కఠినమైన పరీక్షయే. 1966లో మాస్కో శాస్త్రజ్ఞులు, పైమెదడు తీసిన పిల్లికి నడిమిమెదడునం దొకచోట విద్యుత్తు సోకింపగా నది నడచెను. హెచ్చింపగా దౌడు తీసెను. మెదడు "నడువుము, వేగిరపడుము" అనును. ఏ కండర మెప్పుడు ముడుగవలెనో వెన్నుపామే యెరుగును. కాలువ దాటునపుడు మాత్రము పెద్దమెదడు చూచి యడుగు వేయించును.

కావున వెన్ను దెబ్బతిన్నవారి కిక నడక లేదని తొందరపడి పలుకరాదు. దెబ్బకు దిగువ వెన్నుపాము బ్రదికియుండవచ్చును. 2018లో స్విట్జర్లండునందలి లోసాన్ నగరమున వెన్నుపామునకు విద్యుత్తు నిచ్చి అభ్యాసము చేయింపగా, కాళ్లు పడిపోయిన ముగ్గురు ఊతముతో నడచిరి.