మినుము తెగుళ్లు - దుకాణపు మందులు

పామర్రు ప్రాంతమున వరికోతకు ముందు చల్లిన మినుము పుష్య మాఘములలో బూడిద తెగులునకు లోనగుట రైతు లెరిగినదే. ఆకుపై తెల్లని పొడి తొలిసారి కానవచ్చినప్పుడే, నీట కలియు గంధకపు పొడిని లీటరునకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఆకులన్నియు తడియునట్లు పిచికారి చేసిన తెగులు అడగును. చేనంతయు తెల్లబడిన పిమ్మట చల్లిన మందు వలన ఫలము స్వల్పము.

అంతకంటె విచారకర మైనది వేరొకటి కలదు. ఆకులను పసుపుపచ్చగా మార్చు పల్లాకు తెగులు శిలీంధ్రమువలన కలుగునది కాదు. తెల్లదోమ మోసికొనివచ్చు వైరసు దానికి కారణము. గంధకమేమి, దానికంటె ఖరీదైన శిలీంధ్రనాశను లేమి, ఆ తెగులుపై పనిచేయవు. అయినను దుకాణమువారు చూపిన సీసాను అరువునకు తెచ్చి చల్లువారు పెక్కురు. ఆ యప్పు మోయువాడు కౌలుదారు.

పైరు పూతకు రాకమునుపే వ్యవసాయశాఖవారు చేలలోనికి దిగి, ఏ తెగులో నిర్ణయించి, మందునకు చీటి వ్రాసి యీయవలెనని మేము కోరుచున్నాము. ఆ చీటి లేనిదే మందు కొనవలదని భూస్వాములును తమ కౌలుదార్లకు ఇప్పుడే చెప్పవలసియున్నది.