గాజులసొమ్ము – పన్నులెక్క



మొన్న నెల్లిమర్లలో మా పొరుగింటి మామ్మగారు బ్యాంకు కాగితమును చేతబట్టుకొని మా యింటికి వచ్చిరి. ఆమె తన బంగారు గాజుల నమ్మి, పదునాఱేండ్ల మనుమరాలిని ముందు విజయనగరమున కాలేజీలో జదివించుటకై, ఆ పిల్లపేర 3 లక్షల రూపాయలు డిపాజిటు చేసిరి. ఏటికి వచ్చిన 21,000 రూపాయల వడ్డీ ఆమె కుమారుని యాదాయమున గలిసి, దానిపై పన్ను పడినది. “నా గాజులసొమ్ము నా కొడుకు సంపాదన యెట్లయినదమ్మా?” యని యామె ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. 1961 నాటి ఆదాయపుపన్ను చట్టమున 1992లో నొక నియమము చేర్చబడినది. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డకు వచ్చు వడ్డీ మొదలగునవి, సొమ్ము నెవరిచ్చినను సరే, తల్లిదండ్రులలో నెవరి యాదాయ మెక్కువయో వారి లెక్కలో జేరవలెను. 2025 నాటి క్రొత్త చట్టమును ఈ న్యాయమును విడువలేదు. ఆ కుమారుడు పాత పద్ధతిని నూటికి 20 వంతున గట్టినవాడు. బిడ్డకై 1,500 మినహాయింపు పోగా, 19,500 రూపాయలకు 3,900 పన్ను, దానిపై సెస్సు పడినవి.

ఇట్లేల? ధనికులు తమ సొమ్మును పిల్లల పేరులకు బంచి పన్ను దప్పించుకొనకుండుటకు. ఆ వలలో మామ్మగారి గాజులును జిక్కినవి. అయితే బిడ్డ తన కాయకష్టముచేతగాని, విద్యానైపుణ్యములచేతగాని గడించినది బిడ్డదే. పాటకచ్చేరీ పారితోషికము తండ్రి లెక్కకు రాదు.

అమెరికాలో నిట్టి చట్టము 1986లో బుట్టినది. మొదట పదునాలుగేండ్ల లోపువారికే యుండెను. 2008 నుండి, తమ పోషణలో సగమునకు మించి స్వార్జనము లేని కాలేజీ విద్యార్థులకు ఇరువదినాలుగేండ్లు వచ్చువఱకును వర్తించుచున్నది. 2025వ సంవత్సరమునకు 2,700 డాలర్లు దాటిన వడ్డీ, డివిడెండ్లపై తల్లిదండ్రుల రేటే పడును. అచ్చట బిడ్డలను జదివించుకొను తెలుగు తల్లులు దీని నెఱుగవలెను.

బాలుని దాయధనమును, అతడు గురుకులమునుండి మరలువఱకో, బాల్యము గడచువఱకో రాజు కాపాడవలెనని మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున నున్నది. ఆ రెండు మేరలలో మనవారు బాల్యమును, అమెరికావారు చదువును గైకొన్నట్లున్నది. నాడు కాపాడుటకు, నేడు పన్నునకు, అంతే భేదము.

“మామ్మగారూ, పిల్లకు పదునెనిమిదేండ్లు నిండువఱకు సొమ్ము మీ పేరనే యుంచియుండవలసినది. మీకు వేఱాదాయము లేదు గనుక పన్నే యుండకపోవును” అంటిమి.

ఆమె తల యూపి, “నా పేర నున్నచో నే పెండ్లిఖర్చునకో, ఇంటియప్పునకో నేనే తీసి యిచ్చివేయుదును తల్లీ! పిల్లసొమ్మన్న మాటయే దానికి తాళము. ఇంక రెండేండ్లేకదా!” యనిరి.

మాకు ప్రత్యుత్తరము తోచలేదు. రెండేండ్లకు ఆ వడ్డీ పిల్ల లెక్కలోనికే వచ్చును. వేఱాదాయము లేనిచో నంత స్వల్పమునకు పన్నుండదు. సోదరీమణులారా! బిడ్డపేర సొమ్ము వేయుటకు ముందే పన్ను నెవరు గట్టవలెనో యడిగి తెలిసికొనుడు. వేసిన పిమ్మట మాత్ర మది బిడ్డసొమ్మని మఱవకుడు.