నల్లతెరను నిందించువారికి

ఇటీవల మన విశాఖలో విద్యార్థుల సభ యొకదానియందు వక్త యొకరు, సర్వర్ల నిర్వహణకు ఆజ్ఞలు టైపుచేయు నల్లతెర ఇక అనవసరమనియు, అది పాతతరమువారి అలవాటనియు, మౌసుతో నాలుగుచోట్ల నొక్కనేర్చినవానికి ఉద్యోగము ఖాయమనియు ఉద్ఘాటింపగా సభ యంతయు చప్పట్లతో మారుమ్రోగినది. ఆ చప్పట్లే నాకు మిక్కిలి బాధ కలిగించినవి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఈ నగరమున ఒక గిగావాట్ స్థాయి డేటా కేంద్రమును, ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల వ్యయముతో నెలకొల్పుదునని ప్రకటించినది మొదలు ఇట్టి బోధలు మధురవాడ నుండి గాజువాక దాక వినవచ్చుచున్నవి. వేల యంత్రములు బారులుదీరిన శాలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క విండో తెరచి కూర్చుండువానికి పని యెవరిత్తురు?

అట్టి శాలలలో క్లస్టరనగా ఒకటి పడిన మఱియొకటి భారము మోయుటకై కూర్చిన నోడ్ల, అనగా యంత్రముల, కూటమి. అందు గ్రూపనగా ఒక సేవకు వలయు డిస్కు, ఐపీ చిరునామా, నెట్‌వర్కు పేరు, ఆ సేవ, అన్నియు కలిసి ఒక నోడ్ నుండి మఱియొకదానికి తరలు సముదాయము. డిస్కు రానిదే సేవ లేవదు, చిరునామా లేనిదే పేరు పలుకదు. దించునపుడు ఈ క్రమమే తలక్రిందులగును. సాఫ్ట్‌వేరు సవరణలు ఎక్కించు ప్యాచింగు రాత్రి పది గ్రూపులున్న నోడ్‌ను ఖాళీ చేయవలసివచ్చినదనుకొనుడు. మౌసువాడు ఒక్కొక్క గ్రూపుపై కుడిబటను నొక్కి, నోడ్ నెంచుకొని, సరేయని, వేచి, మరల నొక్కును. ఏడవ గ్రూపునొద్ద నిద్రమత్తున చేయి జారి, బరువైన డేటాబేసులు రెండును ఒకే యంత్రముపైకి చేరును. తెల్లవారి పైయధికారి యడుగగా తానేమి నొక్కెనో వానికే జ్ఞాపకముండదు. ఆజ్ఞ నేర్చినవాడు విండోస్ సర్వర్లపై ముందు గెట్-క్లస్టర్‌గ్రూప్ అని అడిగి, పేరు, ఆ గ్రూపున్న నోడ్, స్థితి అను మూడు నిలువు వరుసలను చదివి, ఫైలులో ముందే వ్రాసి పెద్దలకు చూపిన మూవ్-క్లస్టర్‌గ్రూప్ పంక్తులను నడిపి, మరల అదే ప్రశ్న వేయును. ఏ గ్రూపైనను సగమే లేచినచో స్థితి వరుసలో కంటబడును. మఱుసటి నెల అదే ఫైలు మరల పనికివచ్చును.

మన ఉక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను మూడు బ్లాస్ట్ ఫర్నేసులు కలవు. అచ్చటను తెరలున్నవి, మీటలున్నవి. ఐనను షిఫ్టు దిగువాడు ఎక్కువానికి లాగ్‌బుక్కు అప్పగింపవలసినదే. కంప్యూటరు పనివానికి మాత్రము వ్రాత యక్కరలేదనుట ఏ న్యాయము?

విండోలను లోకమునకు అలవాటు చేసిన మైక్రోసాఫ్టే 2006లో జెఫ్రీ స్నోవర్ రూపకల్పన చేసిన, పైయాజ్ఞలు నేడు నడచు పవర్‌షెల్‌ను వెలువరించి, 2008లో డెస్కుటాపు లేని సర్వర్ కోర్‌ను విడుదల చేసినది. సర్వర్లకు చాలదని ఆ కర్తలే యెంచినదానిని మనవారు పట్టుకొని వ్రేలాడుచున్నారు. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరముపై పడినప్పుడు కరెంటు, టెలిఫోన్లు ఏమైనవో మరచితిమా? అట్టి దినమున మిగులు సన్నని లంకెపై బొమ్మల తెర కదలదు. అక్షరములు మాత్రము ఆవలికి చేరును.

తప్పు పంక్తి యొకటి క్షణములో పది గ్రూపులను కూల్చునని బెదరింతురు. కావుననే పరీక్షా క్లస్టరుపై ముందు నడుపవలెను. కృత్రిమ మేధ వ్రాసిపెట్టునందురు. వ్రాసినదానిని చదువలేనివాడు దానికి పూచీ యెట్లుపడును?

నా కోపమంతయు శిక్షణాలయములపైననే. తల్లిదండ్రులు అప్పుచేసి కట్టిన ఫీజు పుచ్చుకొని, తెరల ఫొటోలు అతికించిన నోట్సు చేతికిచ్చి, ఇచ్చట నొక్కుడు, అచ్చట నొక్కుడని మూడునెలలు గడిపి పంపుచున్నారు. కొత్త వెర్షను రాగానే బటన్లు చోటు మారును, ఆ నోట్సు చిత్తుకాగితమగును, పిల్లవాడు ఇంటర్వ్యూలో తెల్లమొగము వేయును. అభ్యాసమునకు లినక్సుపై పేస్‌మేకర్ అను క్లస్టరు సాఫ్ట్‌వేరు ఉచితముగా లభించును. రెండు వర్చువల్ యంత్రములతో క్లస్టరు కట్టవచ్చును. దాని పీసీఎస్ ఆజ్ఞలతో గ్రూపులను కూర్చి తరలింపవచ్చును. పాఠ్యక్రమమును ఎట్లు దిద్దవలెనో బోధకులే కూర్చుండి నిర్ణయింతురుగాక.

విద్యార్థులారా, ఫీజు కట్టకముందు ఒక్క మాట అడుగుడు: మాచేత నల్లతెరపై గ్రూపును ఒక నోడ్ నుండి మఱియొకదానికి తరలింపజేయుదురా అని. లేదన్నచో లేచి రండు.