కోర్‌ వదలక్కర్లేదు.. కోడింగ్‌ మానక్కర్లేదు

కెమికల్‌ ఇంజినీరింగ్‌ మూడో ఏడాదికి వచ్చేసరికి చాలామందిది ఒకటే బెంగ. కోర్‌ కంపెనీ క్యాంపస్‌కు వస్తుందో రాదో తెలీదు. పక్కవాళ్లంతా కోడింగ్‌ పరీక్షలకు కూర్చుంటున్నారు. ‘మనమూ బ్రాంచిని వదిలేద్దామా?’ అనుకునే ముందు బాబాటుండే ఒగున్నైకే కెరియర్‌ను ఒకసారి చూడండి.

నైజీరియాకు చెందిన ఈయన 1976లో లాగోస్‌ విశ్వవిద్యాలయంలో కెమికల్‌ డిగ్రీ పూర్తిచేశారు. 1981లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పీహెచ్‌డీ, దాంతోపాటే స్టాటిస్టిక్స్‌లో ఎంఎస్‌. నా లెక్కలో అసలు మలుపు ఈ రెండో పట్టానే. మూసి ఉన్న రియాక్టర్‌లో ఏం జరుగుతోందో సెన్సర్ల అంకెల్లోంచే పట్టుకోవాలి. వాటిలో ఏది నిజమైన మార్పో, ఏది వట్టి రొదో తేల్చేది స్టాటిస్టిక్సే.

గురువు హార్మన్‌ రేతో కలిసి ఆయన మొదట పట్టుకున్న సమస్య ‘టైమ్‌ డిలే’. గీజర్‌లోంచి వేడినీళ్లు వచ్చేదాకా ఆగలేక మనం నాబ్‌ ఇంకాస్త తిప్పేస్తాం. ఆనక చెయ్యి చురుక్కుమంటుంది. ప్లాంటులో ఇలాంటి ఆలస్యాలు ఒకేసారి నాలుగైదు ఉంటే? అలాంటి చోట పనికొచ్చే కంట్రోలర్‌ డిజైన్‌ను ఇద్దరూ 1979లో ప్రచురించారు.

తర్వాత షెల్‌లో కొద్దికాలం, లాగోస్‌లో ఆరేళ్లు పాఠాలు, 1989 నుంచి 2002 దాకా డ్యూపాంట్‌లో పరిశోధన. ఆపైన డెలావేర్‌ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌, డీన్‌. పదమూడేళ్లు పరిశ్రమలో పనిచేసి పాఠం చెప్పడానికి వచ్చిన మనిషి! మన కాలేజీల్లో ఇలాంటివాళ్లు అరుదు. (అన్నట్టు, 1978లో నైజీరియా స్వీకరించిన జాతీయగీతం రచయితల్లో ఈయనా ఒకరు.) 2022లో కన్నుమూశారు.

ఇదంతా మనకెందుకంటారా? 2020 మే 7న విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్‌ లీకై 12 మంది చనిపోయారు. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచే ఏర్పాటు ఉందని, పైపొరల్లో వేడి పెరిగినా తెలిసే వీల్లేదని ప్రభుత్వ కమిటీ విచారణలో తేలింది. సెన్సర్‌ ఎక్కడ పెట్టాలన్నది సిలబస్‌లో మనం దాటేసే చిన్న ప్రశ్నే. దాని ఖరీదు మాత్రం చిన్నది కాదు.

గేట్‌ కెమికల్‌ పేపర్లో ‘ఇన్‌స్ట్రుమెంటేషన్‌ అండ్‌ ప్రాసెస్‌ కంట్రోల్‌’ ఒక విభాగం. చాలామంది దాన్ని చివరికి వదిలేసి, పీఐడీ సూత్రం బట్టీపట్టి వెళ్తారు. అలా చేయకండి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. ఒక ట్యాంకు మట్టం మోడల్‌ను పైథాన్‌లో రాసి, దానికి మీరే పీఐడీ ట్యూన్‌ చేయండి. మధ్యలో కావాలనే ఆలస్యం పెట్టి, అది ఎక్కడ అదుపు తప్పుతుందో చూడండి. రెజ్యూమెలో ఈ ఒక్క ప్రాజెక్టున్నా ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడొచ్చు.

ఉద్యోగాలు వెతికేటప్పుడు ‘కెమికల్‌ ఇంజినీర్‌’ అనే మాట దగ్గరే ఆగిపోకండి. ‘ఆటోమేషన్‌’, ‘డీసీఎస్‌’, ‘అడ్వాన్స్‌డ్‌ ప్రాసెస్‌ కంట్రోల్‌’ అని కూడా కొట్టి చూడండి. రిఫైనరీలు, ఫార్మా ప్లాంట్లతోపాటు హనీవెల్‌, ఎమర్సన్‌, యోకోగావా లాంటి కంపెనీలు ఈ పనులకు మనుషుల్ని తీసుకుంటాయి.