చెవికి దక్కిన స్వాతంత్ర్యము

స్వతంత్ర చిత్రముల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల, ఎంత తక్కువ వ్యయముతో తీసిరి, ఎందఱు క్రొత్తవారు నటించిరి, పంపిణీకి ఏ పెద్ద సంస్థ ముందుకు వచ్చెను అను లెక్కలే మొదట వినవచ్చుచుండును. ఈ లెక్కలు నిర్మాతకు కావలసినవే కాని ప్రేక్షకునకు వానితో పని లేదు. తక్కువ సొమ్ముతో తీసినంతమాత్రమున చెడ్డ చిత్రము మంచిది కానేరదు. గడచిన పదేండ్లలో తెలుగున వెలువడిన చిన్న చిత్రములను, సినిమాతో పొత్తు లేక పుట్టిన పాటలను, ఇంటి తెరకై తీసిన వెబ్ సిరీస్‌లను కొంత శ్రద్ధతో పరికించినచో, వానిలో మేలైనవి చేసిన ఉపకారము కంటికంటె చెవికే అధికమని నాకు దృఢముగా తోచుచున్నది. కంటికి ఏ కొఱతయు లేదు. కొండలను, కోటలను, యుద్ధములను పెద్ద చిత్రములు దానికి పుష్కలముగా చూపుచునే యున్నవి. చెవి మాత్రము చిరకాలము ఉపవాసముండినది.

ఈ ఉపవాసమునకు కారణము తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలెను. 1932లో విడుదలయైన ‘భక్త ప్రహ్లాద’ మొదలుకొని తొలినాటి టాకీలలో నటుడు తానే పలికెను, తానే పాడెను. ఆ పలుకును ఆ పాటను చిత్రీకరణవేళనే యంత్రము పట్టుకొనెడిది. పిమ్మట నేపథ్యగానము వచ్చి గొంతును ముఖమునుండి వేఱు చేసినది. అది మనకు ఘంటసాలను, సుశీలను ఇచ్చినది గనుక దానిని నిందింపజాలను. కాని దాని వెనుక వచ్చిన డబ్బింగు పద్ధతి, సౌకర్యముగా మొదలై ఆచారముగా ముదిరి, తుదకు మాటకును మనిషికిని గల నంటునే త్రెంచివేసినది. కథానాయిక తెరపై పెదవి కదల్చుచుండగా, ఎక్కడనో గాలి చొఱని గదిలో నిలిచిన వేఱొక స్త్రీ పలుకును. ఆమె నడచుచున్న వీథిలోని కూరగాయలవాని కేక, సైకిలు గంట, పొరుగింటి కుక్కర్ ఈల, అన్నియు తుడిచివేయబడి, వాని చోట ముందే దాచియుంచిన శబ్దములు అతుకబడును. ఊరేదైనను వృత్తి యేదైనను, నాయకుడు కృష్ణా గుంటూరు మండలముల మాటకు మెఱుగు పెట్టిన భాషనే పలుకును. తెలంగాణపు పలుకుబడి ప్రతినాయకుని అనుచరులకును, శ్రీకాకుళపు యాస హాస్యపాత్రలకును కేటాయింపబడెను. ఒక ప్రాంతపు జనులు తమ ఇంటి మాట తెరపై వినబడిన ప్రతిసారియు హాలులో నవ్వులు వినవలసివచ్చుట చిన్న అవమానము కాదు.

ఈ పరిస్థితిలో 2016లో తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళిచూపులు’ సింక్ సౌండ్‌తో, అనగా చిత్రీకరణవేళనే సంభాషణలను గ్రహించు పద్ధతిలో, రూపొందుట సాంకేతిక విశేషము మాత్రమే కాదు. పెండ్లిచూపులకు వచ్చిన యువకుడును, చూపింపబడు యువతియు ఒక గదిలో చిక్కుపడుదురు; తలుపు తెఱచుకొనదు; వెలుపల బంధువుల హడావిడి, లోపల ఇరువురు అపరిచితుల తడబాటు. అక్కడ జరుగునది సంభాషణమే కాని సంఘటనము కాదు. ఆ సంభాషణమునందు మాట నడుమ మ్రింగిన శ్వాసయు, సగములో విడిచిన వాక్యమును, చెప్పదలచి మానుకొన్నదియు యథాతథముగా వినబడుటవలననే ఆ గది మనకు నిజమైన గది యైనది. ఆ చిత్రము ఉత్తమ తెలుగు చిత్రముగాను, సంభాషణలకుగాను జాతీయ పురస్కారముల నందుకొన్నది. రెండవది మిక్కిలి ఉచితమని నా భావము.

అయినను నా తూనికలో దానికంటె బరువైనది, 2018 సెప్టెంబరులో విడుదలయైన వెంకటేష్ మహా చిత్రము ‘కేరాఫ్ కంచరపాలెం’. విశాఖపట్టణమందలి ఆ పేటలో నివసించువారే ఎనుబదిమందికి పైగా అందు నటించిరి. ఏబదికి చేరువైనను పెండ్లికాని అటెండరు రాజు విషయమై ఊరివారు చేయు చర్చను గమనింపుడు: ఒకడు మాట ముగింపకముందే మఱియొకడు అందుకొనును, మూడవవాడు ఇరువురిని త్రోసిరాజని తన తీర్పు వినిపించును. డబ్బింగు గదిలో నటులు ఒకరి తరువాత ఒకరుగా వచ్చి తమ వంతు చెప్పిపోవుదురు గనుక, నలుగురు ఒక్కమాఱుగా మాటలాడు తెలుగు రచ్చబండ మన తెరపై ఎన్నడును సరిగా వినబడలేదు, ఇందు వినబడినది. మద్యపు దుకాణములో పనిచేయు గడ్డము అను యువకుని కథ యింకను సూక్ష్మమైనది. ప్రతిదినము సీసా కొనుటకు వచ్చు సలీమా ముఖము ముసుగులో నుండును. అతడెఱిగినది ఆమె కన్నులను, గొంతును మాత్రమే. దుకాణపు కమ్ములకు ఇవతల నిలిచి మనము సైతము ఆమెను అంతమాత్రముగనే ఎఱుగుదుము. ఆ గొంతునకు స్టూడియో నునుపు కొంచెము తగిలినను ఆ ప్రేమ నమ్మదగినది కాకపోయెడిది. ముఖము చూపకుండ ఒక స్త్రీని ప్రేమింపజేయుట, చెవిని నమ్మిన దర్శకునకే చెల్లు సాహసము.

ఆ పిదప దారి కొంత సుగమమైనది. గుంటూరులో హోటలు పెట్టి బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకొనవలెనని తపించు యువకుని కథ ‘మిడిల్ క్లాస్ మెలోడీస్’, కంప్యూటరు క్రొత్తగా వచ్చిన తెలంగాణ పల్లెలోని ‘మెయిల్’, ఆటోలో ఎవరో మఱచిపోయిన కెమెరాతో ఊరంతయు కలిసి సినిమా తీయబూనిన ‘సినిమా బండి’ వరుసగా ఓటీటీలలో వెలువడినవి. ‘సినిమా బండి’లో క్షురకుడు నాయకుడగును, తక్కిన ప్రయత్నములు విఫలము కాగా కూరగాయలమ్ము మంగ నాయిక యగును. కెమెరా ముందు నిలిచిన క్షణమున నాయకుడు తానెఱిగిన తారల ధోరణిని అనుకరించును. మంగ మాత్రము గంప ముందు బేరమాడినట్లే, నదురుబెదురు లేక, ఆంధ్ర కర్ణాటక సరిహద్దు మాటతోనే మాటలాడును. మన సినిమా నేర్పిన కృత్రిమకంఠమునకును జనుల సహజకంఠమునకును గల దూరము ఇంత స్పష్టముగా వేఱొకచోట కానరాదు.

ఇక పాట సంగతి. సినిమాకు వెలుపల తెలుగు పాట యిప్పుడే పుట్టుచున్నదనుట పొరపాటు. 1948లో ప్రారంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమునందు బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ ప్రభృతులు లలితగీతమునకును భక్తిరంజనికిని చేసిన సేవ యెట్టిదో ఆ తరమువారు ఎఱుగుదురు. కథలేక, నాయకుడు లేక, కేవలము ఒక కవి భావమును ఒక గాయకుడు తనదిగా పాడుకొనిన ఆ పాటకు రేడియో ఆశ్రయమిచ్చినది. టేపు రికార్డరులు వచ్చి, ప్రైవేటు ఛానళ్ళు వచ్చి, రేడియో ప్రాభవము తగ్గిన కొలది ఆ పాటకు నీడ కఱవై, తెలుగు యువకునకు పాట యన్న సినిమాపాట యనియే స్థిరపడినది.

ఆ ఖాళీలోనికి హైదరాబాదునందు ‘చౌరస్తా’ వంటి బృందములు ప్రవేశించినవి. ఆ బృందమున రామ్ మిరియాల పాడిన ‘మాయ’, ‘ఊరెళ్ళిపోతా మామా’ వంటి పాటలలో జానపదపు విఱుపు రెగే తాళముపై కూర్చొనుట నాకు మిక్కిలి ప్రియమైన సంగతి. ఆయన గొంతులో పట్టణమున బ్రతుకుచు పల్లెను తలచుకొను మనిషి అలసట యున్నది, అది శిక్షణవలన వచ్చునది కాదు. కాని సినిమా అట్టి గొంతును వెంటనే పసికట్టును. ‘జాతిరత్నాలు’ చిత్రమున ‘చిట్టి’ పాటయు, ‘డీజే టిల్లు’ పాటయు ఆయనకు ఇంటింట ప్రఖ్యాతి తెచ్చినవి. ఇందు కళాకారునిది తప్పు కాదు. సొంత పాటపై ఇల్లు గడచు మార్గము తెలుగునాట ఇంకను ఏర్పడలేదు, సినిమా యొక్కటియే కూలి సరిగా చెల్లించును. అయినను సినిమాపాట పాత్రకొఱకు పుట్టును, సొంతపాట మనిషికొఱకు పుట్టును. మొదటిదానికి ఎంత పేరు వచ్చినను రెండవదాని లోటు తీఱదు.

మన నగరములలోని సంగీతాభిమానులు గుర్తింపని విషయము మఱియొకటి కలదు. గిటారు పట్టిన బృందములనే వారు స్వతంత్ర సంగీతమందురు. తెలంగాణ పల్లెలలో వ్రాసి, చిన్న స్టూడియోలలో పాడి, పొలము గట్లపై నృత్యము చిత్రించి యూట్యూబులో విడుదల చేయు జానపదగీతములు ఏ నిర్మాతకును లోబడక, ఏ తారపైనను ఆధారపడక, కోట్ల శ్రోతలను చేరుచున్నవి. గాయనిగా మంగ్లీ మొదట పేరు పొందినది పండుగ పాటలతోనే. సినిమా పిమ్మట వచ్చినది. ‘బుల్లెట్టు బండి’ పాటకు 2021లో మంచిర్యాల ప్రాంతపు వధువొకతె తన పెండ్లి ఊరేగింపులో ఆడిన నృత్యము రాష్ట్రములు దాటి ప్రసిద్ధి కెక్కినది. వీనిలో పలువాటి సాహిత్యము ఒకే మూసలో నున్నదనియు, తాళవాద్యపు దరువు మితిమీఱినదనియు నేనంగీకరింతును. కాని పాడువారి మాట వారిదే, అంగడి వారిదే, ధైర్యము వారిదే.

సహజమైన మాట, సొంత పాట అను ఈ రెండు ప్రవాహములు కలిసిన చోటు 2023లో వేణు యెల్దండి తీసిన ‘బలగం’. పెద్ద నిర్మాత సంస్థనుండి వచ్చినది గనుక దానిని స్వతంత్ర చిత్రమనరాదని కొందఱందురు. నాకు సొమ్ము పుట్టుక కంటె గొంతు పుట్టుక ముఖ్యము. ముసలివాని మరణానంతరము కాకి పిండము ముట్టకపోగా కుటుంబములోని పాత పగలన్నియు బయటపడును. తుదిలో ఊరివారి నడుమ మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిలిచి మృతుని కథను పాడుదురు. వారు తరతరములుగా కథ చెప్పి జీవించు కులమునకు చెందిన కళాకారులు. ఆ గొంతు జీరను సరిదిద్దు ప్రయత్నము దర్శకుడు చేయలేదు, సంగీతదర్శకుడు భీమ్స్ సిసిరోలియో చేయనీయలేదు. ఊళ్ళలో తెరలు గట్టి జనులు గుమిగూడి ఈ చిత్రమును చూచి ఏడ్చుటకు కథ సగము కారణము. తమ చావింట వినిన గొంతే తెరపై వినబడుట మిగిలిన సగము. కాసర్ల శ్యామ్ వ్రాసిన ‘ఊరు పల్లెటూరు’ పాటకు జాతీయ పురస్కారము దక్కుట సంతోషకరము, కాని ఆ చిత్రపు ప్రాణము తుది పాటలో నున్నది.

ఇంత ప్రశంసించిన పిదప నా ప్రధానమైన అసంతృప్తిని దాచుట న్యాయము కాదు. ఈ దర్శకులు మాటను విడిపించిరి కాని నిశ్శబ్దమును ఇంకను నమ్మలేదు. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైన్టీస్’ సిరీస్‌ను తీసికొనుడు. లెక్కల మాస్టరు చంద్రశేఖర్ కుటుంబమును ఆదిత్య హాసన్ ఎంత ప్రేమతో చిత్రించెనో చూచినవారెఱుగుదురు; తండ్రి పొదుపు, తల్లి సర్దుబాటు, పిల్లల మార్కుల భయము, ఇంట మాటిమాటికి ఎదురగు ఉప్మా, అన్నియు సత్యములే. కాని తండ్రి కంట నీరు తిరుగు ప్రతిచోట వాద్యములు ముందుగా పరుగెత్తుకొని వచ్చి మనలను ఏడువుమని హెచ్చరించును. ఆ నటుడు శివాజీ ముఖము చాలును, వాద్యము అనవసరము. గతించిన కాలము తీపిగా తోచుట సహజమే గాని, ఆ తీపిని సంగీతముతో ద్విగుణీకరించినప్పుడు, ఆ ఇండ్లలో నిజముగా నుండిన లేమియు భయమును కరగి, అందమైన జ్ఞాపకములుగా మాత్రమే మిగులును.

ఈ విషయమున నేటివారు బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ని మరల మరల వినవలెను, చూడవలెనను మాటకు బదులు వినవలెనను మాట కోరియే వాడితిని. దొర గడీలో దాసిగా బ్రతుకు కమలాక్షికి మాట తక్కువ. అర్చన ఆ పాత్రను నడకతోను చూపుతోను పోషించి జాతీయ పురస్కారమందెను. ఆమెకు జరుగు అన్యాయమును చెప్పుటకు దర్శకుడు ఉపన్యాసము వ్రాయలేదు, తీగవాద్యములను పిలువలేదు. గడీలోని నిశ్శబ్దమే దొర యధికారము. దానిని ఛేదించి మాటలాడు హక్కు ఆమెకు లేదన్న సంగతి ప్రేక్షకుని చెవిలో బరువుగా దిగును. నేటి చిన్న చిత్రములలోని మనుష్యులు తఱచు మంచివారు, అమాయకులు, నవ్వించువారు. కులము, భూమి, అధికారము అను మాటలు వచ్చునప్పటికి కథ మెల్లగా ప్రక్కకు తొలగును. ‘కంచరపాలెం’ ఈ విషయమున మతమును సూటిగా ప్రశ్నించిన అరుదైన చిత్రము. నిశ్శబ్దమును భరింపలేని చిత్రము కఠినసత్యమును సైతము భరింపలేదని నా యనుమానము.

మఱియొక ప్రమాదము వెలుపలినుండి వచ్చుచున్నది. పెద్ద చిత్రములు ఒకే దినమున ఐదు భాషలలో విడుదలయగు ఈ కాలమున, రచయిత ఏ భాషలోనికైనను సులభముగా మాఱు సంభాషణలనే వ్రాయుటకు అలవాటుపడుచున్నాడు. ఊరు, యాస, సామెత, వెక్కిరింపు అన్నియు అనువాదమునకు అడ్డములని తీసివేయబడుచున్నవి. చిన్న చిత్రములు సైతము ఓటీటీ విపణికై ఈ దారి పట్టినచో, పదేండ్లలో సంపాదించినది ఒక్క ఒప్పందముతో పోవును. ‘కేరాఫ్ కంచరపాలెం’ న్యూయార్కులోని భారతీయ చలనచిత్రోత్సవమునకు ఎంపికయైనప్పుడు ఎవ్వరును రాజు మాటను మార్చలేదు. పరభాషీయులు తెర క్రింది అక్షరములను చదువుకొనుచు కంచరపాలెపు గొంతును కంచరపాలెపు గొంతుగనే వినిరి. దర్శకులు ఓటీటీ సంస్థలతో పత్రములపై సంతకము చేయునప్పుడు ఈ ఒక్క నిబంధనను పట్టుబట్టి వ్రాయించుకొనవలెను: పరభాషల వారికి అక్షరములు ఎన్ని భాషలలోనైనను వేయుడు, గొంతు మాత్రము మార్పవలదు.