పిట్టకథ

మా మేనల్లుడు పదేళ్ళవాడుగా ఉన్నప్పుడు, 2010లో, వాణ్ణి రాజమండ్రిలో "రోబో" సినిమాకు తీసుకువెళ్ళాను. వెళ్ళేటప్పుడు వేరుసెనగకాయల కోసం పేచీపెట్టిన కుర్రవాడు తిరిగి వొచ్చేటప్పుడు, "మావయ్యా! మరకి మనసిస్తే, అది చేసిన తప్పుకి శిక్ష ఎవరికి వెయ్యాలి?" అని అడిగాడు. తెలుగు ఎం.ఏ. చదివినవాణ్ణి, విభక్తులైతే చెప్పగలను గాని దీనికేం చెప్పను? "పొద్దుపోయింది, పడుకో" అన్నాను.

ఎనిమిదేళ్ళు వాడా ప్రశ్న మోసుకు తిరిగాడు. ఇంజనీరింగులో చేరటం కూడా దాని పుణ్యమే. 2018 నవంబరు 29న రెండో భాగం "2.0" విడుదలయింది. మొదటి ఆటకి పరుగెత్తి, మధ్యాహ్నానికి మొహం వేలవేసుకుని వొచ్చాడు.

"ఏరా, బాగులేదా?"

"బొమ్మలు బ్రహ్మాండం మావయ్యా. నా ప్రశ్నే లేదు."

తరవాత నేనూ చూశాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వాడిది ఉత్త అలక కాదు. మొదటి కథలో యంత్రానికి మనసు వొస్తుంది, ప్రేమ వొస్తుంది, వెనకాలే వినాశం వొస్తుంది. చివరకు న్యాయస్థానం ఆజ్ఞ మీద చిట్టి తన చేతులతోనే తన శరీరాన్ని విప్పుకుంటుంది. ఆ కథకు మాటలు రాసినవారిలో తమిళ రచయిత సుజాత ఒకరు, స్వయంగా ఇంజనీరు. ఆయన 2008లోనే పోయారు. రెండో కథలో సెల్‌ టవర్ల మూలంగా పక్షులు చచ్చిపోతాయి. వాటిని ప్రేమించిన ముసలాయన టవరుకే ఉరివేసుకుని, పక్షుల ఆత్మలతో కలిసి, ఊళ్ళో ఫోన్లన్నీ పోగుచేసుకుని రాక్షసపక్షి అవుతాడు. విప్పేసిన చిట్టిని మళ్ళీ బిగించి దానిమీదికి వొదులుతారు. శాస్త్రజ్ఞుడి ఇంటికని బయల్దేరదీసి భూతవైద్యుడి ఇంటికి తీసుకుపోయినట్టయింది.

ఈ గోల మనకే కాదు. అమెరికాలో 1977లో మొదలైన "స్టార్‌ వార్స్‌" ఎనిమిదో భాగం 2017లో వొచ్చినప్పుడు అక్కడి అభిమానులూ రెండు జట్లయి కొట్టుకున్నారు. మనం నవ్వుతాంగాని, అభిమాని కొత్తదనం వొద్దనడు. మొదట తనకిచ్చిన మాట మరిచిపోవద్దంటాడు. హరికథలో పిట్టకథ చెప్పొచ్చు. తిరిగి అసలు కథలోకి రాకపోతే దాసుగారికి శాలువా ఎవరు కప్పుతారు?

ఆరోజు వాడు అన్నం ముట్టకుండా ఇదంతా ఏకరువు పెడుతూంటే, మా అమ్మ పెంకుటి వసారాలో కొత్త వరికంకులతో కుచ్చు అల్లుతోంది. ఏటా సార్వా కోతలకి అల్లి, పిచికల కోసం చూరుకి వేలాడదీస్తుంది. మా వీధి చివర టవరుంది, చూరులో పిచికలూ ఉన్నాయి.

"పిచికలు తగ్గవుట్రా మరి?" అంది. "పెంకుటిళ్ళు పీకించి డాబాలు పోశారు. చూరు లేకపోతే అదెక్కడ కాపరం పెడుతుంది? చేలో మందులు కొట్టి పురుగు లేకుండా చేశారు. పిల్లలకేం పెడుతుంది?"

తరవాత 2020లో దేశంలోని పక్షులమీద పెద్ద నివేదిక వొచ్చింది. పిచికలు మహానగరాల్లో తగ్గినా దేశం మొత్తంమీద నిలకడగానే ఉన్నాయనీ, టవర్లే చంపుతున్నాయనటానికి సాక్ష్యం లేదనీ అందులో తేల్చారు.

మేనల్లుడు చాలాసేపటికి నవ్వాడు. "రెండో భాగం అమ్మమ్మచేత రాయించాల్సింది మావయ్యా!" అని కంచం ముందు కూచున్నాడు.

వాడి పాత ప్రశ్న మాత్రం అలాగే ఉంది. అడిగినదానికి జవాబు చెప్పే యంత్రాలు ఇప్పుడు అందరి జేబుల్లోకీ వొచ్చాయి. అది సినిమా ప్రశ్న కాకుండా పోయింది. అంతటి ప్రశ్న చేతిలో ఉండగా వొదిలేసి పిట్ట వెంట పరుగెత్తారే అన్నది వాడి దిగులు. నాదీనూ.