పదిహేడు నిండని పిల్లలనూ నీట్ రాయనివ్వాలి! ఆ ఫలితాన్ని ఏడాది నిలిపి ఉంచాలి!

అబిడ్స్, నాంపల్లి, కోఠి, నారాయణగూడ ప్రాంతాల తల్లిదండ్రులారా! బైపీసీ విద్యార్థులారా! లెక్చరర్లారా!

2009 డిసెంబరు 31న పుట్టిన అమ్మాయి 2026లో ఎంబీబీఎస్‌లో చేరవచ్చు. మర్నాడు, 2010 జనవరి 1న పుట్టిన అమ్మాయి చేరకూడదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఇంటర్ చదివినా సరే, రెండో అమ్మాయికి నీట్ రాసే అర్హత కూడా లేదు. కాలేజీలో చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి పదిహేడేళ్ళు నిండాలన్నది నిబంధన. భారత వైద్య మండలి 1997 నిబంధనల్లో ఉన్న ఈ హద్దును జాతీయ వైద్య కమిషన్ కూడా కొనసాగిస్తోంది. ఒక్క రోజు తగ్గినా మినహాయింపు లేదు.

ఈ పిల్లలు దొంగదారిన రాలేదు. నాలుగున్నరేళ్ళకే ఒకటో తరగతిలో కూర్చోబెట్టింది మనం. చేర్చుకున్నది బడి. పదో తరగతి పరీక్షకు వయసు చాలకపోతే ఫీజు కట్టి మినహాయింపు తెచ్చుకునే వీలు కల్పించింది విద్యాశాఖ. బైపీసీలో సీటిచ్చింది కాలేజీ. ఇందరు పెద్దలు కలిసి చేసిన పనికి శిక్ష మాత్రం పిల్లలకు పడుతోంది.

అసలు హద్దే వద్దని మేము అనడం లేదు. అనాటమీ హాల్లో మృతదేహం ముందు నిలబడాలి, వార్డులో రోగి బాధ చూసి తట్టుకోవాలి. దానికి కొంత వయసు రావాలన్న మాట సబబే. తెలుగు కుటుంబంలో పుట్టిన అంబటి బాలమురళి 1995లో న్యూయార్క్‌లోని మౌంట్ సినాయ్ వైద్య కళాశాల నుంచి పదిహేడేళ్ళకే డాక్టర్ పట్టా అందుకున్నారు, తర్వాత కంటి వైద్యులయ్యారు. అలాంటివారు అరుదు. వారిని చూపించి అందరికీ తలుపు తీయమని మేము అడగడం లేదు. మేము అడిగేది ఒక్కటే: వయసు హద్దు కాలేజీలో చేరడానికి పెట్టండి, పరీక్ష రాయడానికి వద్దు. పదహారేళ్ళ విద్యార్థి నీట్ రాయాలి, తెచ్చుకున్న పర్సంటైల్ మరుసటి ఏడాది కౌన్సెలింగ్‌కు చెల్లాలి. ఇప్పుడు నీట్ ఫలితం దేశంలో ఆ ఒక్క ఏటి ప్రవేశాలకే పనికొస్తోంది.

కోర్టుకు వెళ్తే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. రిట్ వేసే హక్కు అందరికీ ఉంది. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. కానీ వయసు హద్దు విధాన నిర్ణయమనీ, అందులో తాము జోక్యం చేసుకోలేమనీ కోర్టులు తరచుగా చెబుతున్నాయి. విధానం పెట్టినవారే దాన్ని మార్చాలి. వారిని కదిలించాల్సింది మనం.

మార్చరనుకోకండి. నీట్‌కు 25 ఏళ్ళ గరిష్ఠ వయసు హద్దు ఉండేది, రిజర్వేషన్ వర్గాలకు 30. 2018 మేలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు, తుది తీర్పుకు లోబడి, 25 దాటినవారినీ దరఖాస్తు చేయనిచ్చింది. చివరికి 2021 అక్టోబరులో జాతీయ వైద్య కమిషనే ఆ హద్దును ఎత్తేయాలని నిర్ణయించి, 2022 మార్చిలో ప్రకటించింది. పైహద్దును తీసేసిన కమిషన్, కింది హద్దు దగ్గర పిల్లల ఏడాదిని కాపాడే చిన్న సవరణ చేయలేదా?

మా డిమాండ్లు:

1. పదిహేడు నిండని ఇంటర్ విద్యార్థులనూ నీట్ రాయనివ్వాలి. వారి పర్సంటైల్‌ను మరుసటి ఏడాది ప్రవేశాలకు చెల్లనివ్వాలి.

2. బైపీసీలో చేర్చుకునే రోజే ప్రతి కాలేజీ పుట్టినతేదీ చూసి, నీట్ వయసు నిబంధనను తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలపాలి. ఇంటర్ బోర్డు ఈ మేరకు ఆదేశాలివ్వాలి.

3. ఒకటో తరగతి ప్రవేశ దరఖాస్తులోనే ఈ హెచ్చరిక అచ్చువేయాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. పుట్టినతేదీ దిద్దించే తోవ తొక్కకండి. తప్పుడు పత్రం బయటపడితే సీటుతో పాటు పిల్లల పేరూ పోతుంది. ఈ రాత్రే మీ పిల్లల జనన ధ్రువపత్రం తీసి లెక్క చూసుకోండి. వయసు చాలకపోతే ఇప్పుడే లెక్చరర్‌తో మాట్లాడండి. ఆ ఏడాది ఖాళీగా పోకుండా ఏం చదవాలో ముందే అనుకోండి. పిల్లలను మాత్రం నిందించకండి.

రండి, కలిసి అడుగుదాం!

వచ్చే ఆదివారం ఉదయం అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల సంత దగ్గర సంతకాల సేకరణ ఉంటుంది. సోమవారం నాంపల్లి విద్యాభవన్‌లోని ఇంటర్ బోర్డుకు వినతిపత్రం ఇస్తాం. అక్కడి నుంచి అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి, ఢిల్లీ ద్వారకలోని జాతీయ వైద్య కమిషన్‌కు ఒక్కొక్కరం ఒక్కో పోస్టుకార్డు వేస్తాం. కార్డు మీద మీ మాట మీరే రాయండి. మీ ఇంట్లో డాక్టర్ కావాలనుకునే పిల్లలు లేకపోయినా రండి. పక్కింటి పిల్ల కోసం రండి.

చదివాక ఈ కాగితం మరొకరికి ఇవ్వండి.

— అబిడ్స్, నాంపల్లి ప్రాంత ఇంటర్ విద్యార్థుల తల్లిదండ్రులు, లెక్చరర్లు